టెర్మినల్ తెరపై చిహ్నితాక్షరముల వైకల్యము: సంకేతన విచారము

ప్రస్తావన

తాళపత్రప్రతులను పరిష్కరించువారికి లేఖకదోషము క్రొత్త కాదు. వ్రాయసకాడు ఒక యక్షరమును మరియొకటిగా చదివి వ్రాసినచో ఆ తప్పు ప్రతినుండి ప్రతికి సంక్రమించుననియు, తప్పుయొక్క స్వరూపమునుబట్టి మూలమునందలి పాఠమును పలుమారు ఊహింపవచ్చుననియు పరిష్కర్తలెల్లరు ఎరిగినదే. నేడు మన పరిశోధకుల పాఠములు, పదసూచికలు, ఉపయుక్తగ్రంథపట్టికలు కంప్యూటరు ఫైళ్లలో నున్నవి. అచ్చటను లేఖకదోషము కలదు. అయితే ఇచ్చటి వ్రాయసకాడు యంత్రము. మనుష్యుడు పరాకున తప్పు వ్రాయును. యంత్రము చేయు తప్పునకు పరాకు కారణము కాదు, అది ఒక నియమమును అనుసరించియే జరుగును. నియమము కలదు గనుకనే ఆ తప్పును కనిపెట్టుటయు, సరిచేయుటయు సాధ్యములగుచున్నవి.

కొన్ని యేండ్ల క్రిందట ఒక పరిశోధక విద్యార్థి యానాము, పుదుచ్చేరి చరిత్రకు సంబంధించిన ఫ్రెంచి గ్రంథముల పట్టికను నాయొద్దకు గొనివచ్చెను. ఆ పట్టిక మరియొక చోటనున్న కంప్యూటరులో భద్రపరుపబడియుండ, అతడు దానిని టెర్మినల్ ఎమ్యులేటరు ద్వారా చదువుచుండెను. ‘పాందిషేరి’ అను నగరనామమును ఫ్రెంచి వర్ణక్రమమున వ్రాసినపుడు అందు పది అక్షరములుండును. ఎనిమిదవ యక్షరముపై కుడివైపునకు లేచిన చిన్న గీత యొకటి యుండును. ఆ గుర్తును ఫ్రెంచివారు ‘ఎగ్యూ’ అందురు. ఆ యక్షరమును ఈ వ్యాసమున ‘ఎగ్యూ-ఎ’ యని వ్యవహరింతును. విద్యార్థి తెరపై దాని స్థానమున అర్థము లేని రెండు గుర్తులు కనబడెను. ఫైలు చెడినదని తలచి అతడు దానిని ఒక మార్పిడి ఆదేశమునకు లోబరచెను. గుర్తులు తగ్గుటకు మారుగా పెరిగెను. మరల మార్చెను, మరల పెరిగెను. తుదకు మూలప్రతి లేకపోయెను. పరిశీలింపగా తేలినదేమనగా, మొదటి ఫైలులో ఏ దోషమును లేదు. దోషము చూపెడి తెరలోనిది. చెడని పాఠమును చెడినదని యెంచి దిద్దబోవుటచేత పాఠము నిజముగనే చెడినది.

ఇట్టి యనర్థము రోమను లిప్యంతరీకరణమును వాడెడి మనవారికి నిత్యము సంభవింపదగినది. కావున దాని కారణములను, లక్షణములను, నివారణోపాయములను ఈ వ్యాసమున క్రమముగా విచారింతును.

1. వర్ణము, సంఖ్య, బైట్లు, రూపము

ముందుగా నాలుగు విషయములను వేరుపరచుకొనవలెను. మొదటిది వర్ణము, అనగా ‘త’ అనియో, ‘ఎగ్యూ-ఎ’ అనియో మనము మనస్సున గుర్తించు లిపివిశేషము. రెండవది ఆ వర్ణమునకు ఒక పట్టికలో నియమింపబడిన సంఖ్య. మూడవది ఆ సంఖ్యను ఫైలులో నిలుపుటకు వాడబడు బైట్ల వరుస. బైటనగా ఎనిమిది బిట్ల సముదాయము. దాని విలువ 0 మొదలు 255 వరకు నుండవచ్చును. నాలుగవది తెరపై ఫాంటు చిత్రించు రూపము.

కంప్యూటరు దాచునది మూడవదానిని మాత్రమే. తక్కిన మూడును దానినుండి ఊహింపబడునవి. ఏ పట్టికననుసరించి ఊహింపవలెనో సాదా పాఠఫైలులో సాధారణముగా ఎచ్చటను వ్రాయబడియుండదు. ఈ వ్యాసమునందలి సమస్యలలో అధికభాగమునకు బీజమిదియే. ఏ లిపిలో వ్రాయబడినదో తెలుపని శాసనమును చదువరి తనకు తెలిసిన లిపిలో చదివినట్లుగా, యంత్రమును తనకు నిర్దేశింపబడిన పట్టికతో చదివివేయును. చదువరి అర్థము కుదరకున్నచో ఆగును, యంత్రము ఆగదు.

2. ఒకే సంఖ్యకు పెక్కు వర్ణములు

1963లో ప్రకటింపబడిన ఆస్కీ పట్టిక ఏడు బిట్లది. అందు 128 స్థానములు కలవు. 0 మొదలు 31 వరకును, 127వదియు నియంత్రణ సంఖ్యలు. అనగా అవి అక్షరములు కావు, పంక్తి మార్చుము, గంట మ్రోగింపుము మున్నగు ఆజ్ఞలు. మిగిలిన 95 స్థానములలో ఖాళీచోటు, ఆంగ్లాక్షరములు, అంకెలు, విరామచిహ్నములు నిలిచినవి. గుర్తులుగల ఫ్రెంచి, జర్మను అక్షరములకే అందు చోటు లేదన్నచో ఇతర లిపులను గూర్చి చెప్పనక్కరలేదు.

బైటులోని ఎనిమిదవ బిట్టును గూడ వాడినచో మరి 128 స్థానములు లభించును. ఆ స్థానములను ఎవరికి వారు తమ యవసరమునకు దగినట్లు నింపుకొనిరి. 1987లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 8859-1 అను ప్రమాణము, ‘లాటిన్-1’ అని ప్రసిద్ధమైనది, పశ్చిమ ఐరోపా భాషలకొరకు ఏర్పడినది. అందు ఎగ్యూ-ఎ సంఖ్య 233. అంతకు మునుపే, 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు 437వ సంకేతపుటను వాడినది. అందు ఎగ్యూ-ఎ సంఖ్య 130. 233వ స్థానమున గ్రీకు ‘థీటా’ కలదు. ఐ.ఎస్.ఓ. 8859-7లో 233 గ్రీకు ‘అయోటా’. 8859-5లో రష్యను భాషయందలి ‘శ్చ’ ధ్వనిగల యక్షరము. రష్యనులు విరివిగా వాడిన కోయ్8-ఆర్ అను పట్టికలో పెద్ద ‘ఇ’. ఇట్లు ఒకే సంఖ్య ఐదు పట్టికలలో ఐదు వర్ణములను దెలుపుచున్నది.

మనదేశమున భారతీయలిపులకొరకు ఏర్పడిన ఇస్కీ ప్రమాణము 1991లో ఐ.ఎస్. 13194 అను సంఖ్యతో వెలువడినది. అదియు ఎనిమిది బిట్లదే. దాని ఫైలును లాటిన్-1 పట్టికతో చూచినచో తెలుగు వాక్యము స్థానమున ఐరోపా అక్షరముల కలగాపులగము కనబడును. లిప్యంతరీకరణమునకు వలయు దీర్ఘచిహ్నము గల ‘ఆ’, అడుగున చుక్కగల ‘ట, డ, ణ’ లాటిన్-1లో లేవు. తాలవ్యానునాసికమునకు వాడు అలగుర్తు గల ‘న’ మాత్రము స్పానిషు భాష పుణ్యమున 241వ స్థానమున నున్నది. అందుచేత లిప్యంతరీకరణకర్తలు తమకు తామే పట్టికలను, ఫాంట్లను కల్పించుకొనిరి. అట్టి ఫాంటుతో వ్రాయబడిన పాత ఫైలు ఆ ఫాంటు లేనిచోట నేటికిని దురవగాహమే.

3. యూటీఎఫ్-8 పద్ధతి

ఈ యవ్యవస్థకు పరిష్కారముగా లిపులన్నిటికిని ఒకే సంఖ్యాపట్టికగా యూనికోడు ఏర్పడినది. దాని మొదటి సంపుటము 1991లో వచ్చినది. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వరకు గల స్థానములు కేటాయింపబడినవి. అయితే ఇంత పెద్ద సంఖ్యలు ఒక్క బైటులో నిమడవు. వానిని బైట్ల వరుసగా మార్చు పద్ధతులలో నేడు ప్రధానమైనది యూటీఎఫ్-8. దీనిని 1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ అనువారు రూపొందించిరి.

దాని నియమములు క్లుప్తములు. 127 వరకు గల సంఖ్యలు ఆస్కీలో వలెనే ఒక్కొక్క బైటుగా నుండును. అంతకు మించిన ప్రతి వర్ణమునకు ఒక ఆద్యబైటును, ఒకటి మొదలు మూడు వరకు అనుచరబైట్లును ఉండును. ఆద్యబైటు 194 మొదలు 223లోపల నున్నచో వర్ణము రెండు బైట్లది. 224 మొదలు 239లోపల నున్నచో మూడు బైట్లది. 240 మొదలు 244లోపల నున్నచో నాలుగు బైట్లది. అనుచరబైట్లు ఎల్లప్పుడును 128 మొదలు 191లోపలనే యుండును.

ఉదాహరణమునకు ఎగ్యూ-ఎ యూనికోడు సంఖ్య 233. దీనిని 64చే భాగింపగా లబ్ధము 3, శేషము 41. లబ్ధమునకు 192ను, శేషమునకు 128ని కలుపగా 195, 169 అను రెండు బైట్లు వచ్చును. మన ‘త’ సంఖ్య 3108. దీనిని 64చే భాగింపగా లబ్ధము 48, శేషము 36. లబ్ధము 64కంటె తక్కువ గనుక ఆద్యబైటు 224. తరువాతివి 48కి, 36కి 128 చొప్పున కలుపగా వచ్చు 176, 164. తెలుగు వర్ణము లన్నిటికిని ఆద్యబైటు 224, రెండవ బైటు 176 గాని 177 గాని అగునని దీనివలన తెలియుచున్నది. ఈ సంగతి ముందు దోషనిర్ణయమున మనకు తోడ్పడును.

ఇచ్చట ఒక భ్రమకు అవకాశము కలదు. యూనికోడు పట్టికలోని మొదటి 256 స్థానములు లాటిన్-1తో సమానములే. ఎగ్యూ-ఎ రెండింటను 233యే. ఇందుచేత లాటిన్-1 ఫైలును యూటీఎఫ్-8గా చదువవచ్చునని కొందరు తలంతురు. అది సరికాదు. సంఖ్య సమానమైనను బైట్లు వేరు. ఒకదానిలో 233 అను ఒక్క బైటు, రెండవదానిలో 195, 169 అను రెండు బైట్లు. ఆస్కీ భాగమున మాత్రమే సంఖ్యాసామ్యము, బైట్ల సామ్యము కలిసియున్నవి. అందువలననే ఆంగ్లవాక్యము ఎంత పొరపాటైన సంకేతనమునందును నిర్దోషముగా కనబడి, చిహ్నితాక్షరము వచ్చిన చోటనే దోషము బయటపడుచున్నది.

4. టెర్మినల్ స్వభావము

టెర్మినల్ పూర్వరూపము టెలిప్రింటరు. కంప్యూటరు పంపిన సంఖ్యలను కాగితముపై ముద్రించుట, మీటలనుండి సంఖ్యలను కంప్యూటరునకు పంపుట దాని పని. యూనిక్సు వ్యవస్థలో టెర్మినల్ పేరుగా నేటికిని నిలిచియున్న ‘టి.టి.వై.’ అను సంక్షేపము టెలిటైపునకు సంబంధించినదే. తరువాత తెరగల యంత్రములు వచ్చెను. 1978 నాటి వీటీ-100లో 24 పంక్తులు, పంక్తికి 80 గడులు. 1983 నాటి వీటీ-220 ఎనిమిది బిట్ల సంకేతములను గ్రహించినది. ఆ యంత్రముల పనిని కిటికీలో చేయు ప్రోగ్రాములే టెర్మినల్ ఎమ్యులేటర్లు; వానిలో ప్రసిద్ధమైన ఎక్స్-టెర్మ్ 1984లో ప్రారంభమైనది.

ఎమ్యులేటరు చేతికి వచ్చునది బైట్ల ప్రవాహము మాత్రమే. ‘ఇవి ఫలానా పట్టికకు జెందినవి’ అను సూచన సాధారణముగా ప్రవాహమున రాదు. ఎమ్యులేటరు తన యమరికలో నున్న పట్టికతో చదివి గడులను నింపుచు పోవును. పాఠమును పంపు ప్రోగ్రాము తన పట్టికను పరిసర చరములనుండి తెలిసికొనును. ఎల్.సి. ఆల్ అను చరమునకు విలువ యున్నచో అదియే ప్రమాణము, లేనిచో ఎల్.సి. సీటైప్, అదియు లేనిచో ల్యాంగ్ అను చరము. ఏదియు లేనిచో ‘సి’ యను మూలపరిసరము గ్రహింపబడును. అది ఆస్కీకి మించిన అక్షరములకు పూచీపడునది కాదు.

కావున తెరపై ఒక చిహ్నితాక్షరము సరిగా కనబడుటకు ఫైలు, ప్రోగ్రాము, ఎమ్యులేటరు, ఫాంటు అను నలుగురును ఏకాభిప్రాయముతో నుండవలెను. పాఠము దూరపు కంప్యూటరులో నున్నచో ఆ కంప్యూటరు పరిసరము వేరు, మన కిటికీ యమరిక వేరు. ఒకదాని సంగతి మరియొకదానికి తెలియకపోవచ్చును. మన విద్యార్థి విషయమున జరిగినదిదియే. ఫైలు యూటీఎఫ్-8ది, కిటికీ లాటిన్-1ది.

5. లక్షణమునుబట్టి దోషనిర్ణయము

వికృతరూపమును జూచి కారణమును నిర్ణయించుట పాఠపరిష్కర్తకు అలవాటైన విద్య. అదియే యిచ్చటను వర్తించును. ముఖ్యలక్షణములైదు.

మొదటి లక్షణము: ఒక అక్షరమునకు రెండు గుర్తులు కనబడుట. ఎగ్యూ-ఎకు మారుగా అలగుర్తు గల పెద్ద ‘అ’, దానివెంట ప్రకాశనహక్కును దెలుపు వలయము వచ్చును. లాటిన్-1లో 195, 169 స్థానముల వర్ణములివియే. అలగుర్తు గల పెద్ద ‘అ’ మాటిమాటికి కనబడినచో ఫైలు యూటీఎఫ్-8, ఎమ్యులేటరు లాటిన్-1 అని గ్రహింపవలెను. ఫ్రెంచి చిహ్నితాక్షరములలో మిక్కిలి పాలు 195తో మొదలగుటయే దీనికి హేతువు. అదే ఫైలును 437వ సంకేతపుటతో చూచినచో ఆ రెండు బైట్లు గీతలు గీయుటకు వాడు గుర్తులవలె కనబడును. తెలుగు పాఠమైనచో ఎడమవైపు గీతగల చిన్న ‘అ’యు, దానివెంట ఉష్ణోగ్రతాంశమును దెలుపు చిన్న వలయము గాని, కూడిక తీసివేతల జంటగుర్తు గాని పదేపదే వచ్చును. అవి 224, 176, 177 సంఖ్యలకు లాటిన్-1 రూపములు. ఈ గుర్తుల నెరిగినవాడు పాఠమును చదువకయే అది తెలుగు పాఠమని చెప్పగలడు.

రెండవ లక్షణము: నల్లని వజ్రాకృతిలో తెల్లని ప్రశ్నార్థకము. ఇది పై దానికి విలోమము. ఫైలు లాటిన్-1, ఎమ్యులేటరు యూటీఎఫ్-8. ‘పాందిషేరి’ పదమున 233 తరువాత రోమను ‘ఆర్’, అనగా 114 కలదు. యూటీఎఫ్-8లో 233 మూడు బైట్ల వర్ణమునకు ఆద్యము. దానివెంట 128–191లోపలి బైట్లు రెండు రావలెను. 114 అట్టిది కాదు. కావున ఎమ్యులేటరు ఆ బైటు అసాధువని నిర్ణయించి, 65533వ సంఖ్యగల ప్రతిస్థాపన చిహ్నమును చూపును.

మూడవ లక్షణము: వజ్రము లేని సామాన్య ప్రశ్నార్థకము. ఇది ప్రమాదకరము. కొన్నియెడల ప్రోగ్రాము చూపుటకు మాత్రమే దానిని వాడును. కొన్నియెడల మార్పిడి చేయుచు, గమ్యపట్టికలో లేని వర్ణమునకు ప్రశ్నార్థకమును నిజముగనే వ్రాసివేయును. అట్లు వ్రాసినచో అచ్చటనుండిన అక్షరమేదో ఫైలునుండి తెలియదు.

నాలుగవ లక్షణము: ఖాళీ చతురస్రము. సంకేతనమున దోషము లేదు. ఫాంటులో ఆ రూపము లేదు. ఇందుకు ఫైలును ముట్టుట తగదు.

ఐదవ లక్షణము: వేరొక లిపికి జెందిన ఒక్క అక్షరము. ఎగ్యూ-ఎ స్థానమున ‘థీటా’ కనబడినచో రెండు ఎనిమిది బిట్ల పట్టికలు తారుమారైనవని తెలియవలెను.

6. నియంత్రణ సంఖ్యల యుపద్రవము

పై లక్షణములందు అక్షరములే మారినవి. తెరయే కలతజెందు సందర్భము మరియొకటి కలదు. మనకు అది ముఖ్యము. ఏలయన తెలుగు పాఠమున నది విశేషముగా సంభవించును.

లాటిన్-1లో 128 మొదలు 159 వరకు గల స్థానములు అక్షరములకు గాక నియంత్రణమునకు విడువబడినవి. వీటీ-220 సంప్రదాయమునందలి ఎమ్యులేటరు ఎనిమిది బిట్ల పట్టికతో నడచునపుడు వానిని ఆజ్ఞలుగా గ్రహింపవచ్చును. వానిలో 133 తరువాతి పంక్తికి పొమ్మనును. 141 ఒక పంక్తి పైకి పొమ్మనును. 155 ‘ఇక వచ్చునది ఆజ్ఞ’ యని తెలుపును. 144, 157 సంఖ్యలు దీర్ఘమైన ఆజ్ఞావాక్యములకు ఆరంభములు. 156 అట్టి వాక్యమునకు ముగింపు.

ఇప్పుడు తెలుగు వర్ణముల మూడవ బైట్లను గమనింపుడు. ‘అ’ సంఖ్య 3077. దాని మూడవ బైటు 133. పొల్లు సంఖ్య 3149. దాని మూడవ బైటు 141. ‘ఛ’ సంఖ్య 3099. మూడవ బైటు 155. ‘ఐ’కి 144, ‘ఝ’కు 157, ‘జ’కు 156. కావున యూటీఎఫ్-8 తెలుగు పాఠమును అట్టి తెరపైకి పంపినచో ‘అ’ వచ్చినప్పుడెల్ల పంక్తి మారును. ద్విత్వము గాని సంయుక్తము గాని వచ్చినప్పుడెల్ల పొల్లు కారణమున కర్సరు పై పంక్తికెక్కి అచ్చటి పాఠముపై వ్రాయును. ‘ఛందస్సు’ అను మాట తన వెనుకనున్న బైట్లను ఆజ్ఞాశేషముగా లాగికొనును. ‘ఐ’ తోడనో ‘ఝ’ తోడనో మొదలైన మ్రింగుట ముగింపు సంకేతము దొరకువరకు సాగవచ్చును. ఎంతవరకు మ్రింగబడుననునది ఎమ్యులేటరునుబట్టి యుండును.

చూచువానికి ఇది ఫైలు సర్వనాశనమైనట్లు తోచును. నిజమునకు ఫైలులో ఒక్క బైటైనను మారలేదు. యూనిక్సు వ్యవస్థలలో ‘రీసెట్’ అను ఆదేశము టెర్మినల్‌ను పూర్వస్థితికి దెచ్చును. పిదప ఎమ్యులేటరు పట్టికను యూటీఎఫ్-8గా మార్చి అదే ఫైలును చూడవలెను.

7. సంయోజితరూపములును గడుల లెక్కయు

యూటీఎఫ్-8 సర్వత్ర వ్యాపించిన నేటి కాలమున ఈ విచారమునకు ప్రయోజనమేమి యని పూర్వపక్షము చేయవచ్చును. పాత ఫైళ్లు, పాత అమరికలు ఇంకను మిగిలియున్నవనుట ఒక సమాధానము. నలుగురును యూటీఎఫ్-8నే యంగీకరించినను తీరని చిక్కులు రెండు కలవనుట రెండవ సమాధానము.

మొదటిది వర్ణముల ద్వైవిధ్యము. ఎగ్యూ-ఎను 233 అను ఒకే సంఖ్యగను వ్రాయవచ్చును; గుర్తులేని ఎ, అనగా 101, దానివెంట ఎగ్యూ గుర్తు మాత్రము, అనగా 769, అని రెండు సంఖ్యలుగను వ్రాయవచ్చును. మొదటిది సంకలితరూపము, రెండవది విశ్లిష్టరూపము. తెరపై రెండును ఒకటే, బైట్లు వేరు. సామాన్యముగా వెదకు ప్రోగ్రాములు బైట్లనో సంఖ్యలనో పోల్చును గాని రూపములను బోల్చవు. అందుచేత పట్టికలో కంటికి కనబడుచున్న మాట వెదకినచో దొరకదు. 2001 నాటి ఐ.ఎస్.ఓ. 15919 లిప్యంతరీకరణ ప్రమాణమున ‘ఋ’కారమునకు అడుగున చిన్న వలయము గల రోమను ‘ఆర్’ విధింపబడినది. దానికి యూనికోడులో సంకలితరూపమే లేదు. దీర్ఘ ‘ఆ’కు, చుక్కగల ‘ట’కు ఉన్నది. కావున ఒకే లిప్యంతరీకరణ పాఠమున కొన్ని వర్ణములు సంకలితములు, కొన్ని విశ్లిష్టములు అగుట అనివార్యము. పదసూచిక చేయుటకు ముందు పాఠమంతటిని ఒకే సాధారణరూపమునకు దెచ్చుట విధి. లేనిచో ఒకే పదము రెండు పదములుగా లెక్కకు వచ్చును. పదప్రయోగముల సంఖ్యపై ఆధారపడిన సిద్ధాంతము తప్పగును.

రెండవది గడుల లెక్క. టెర్మినల్ తెర గడులపలక. ఏ వర్ణమునకెన్ని గడులో ప్రోగ్రామును ఎమ్యులేటరును విడివిడిగా లెక్కించును. బహుళముగా వాడబడు గణనమున విశ్లిష్టచిహ్నమునకు గడి లేదు. తెలుగు గుణింతములలో ‘ఇ’త్వ, ‘ఎ’త్వ చిహ్నములకును గడి లేదు, కొమ్మునకు మాత్రము ఒక గడి కలదు. ఈ లెక్కను ‘తెలుగు’ అను మాట మూడు అక్షరములు, ఆరు సంఖ్యలు, పదునెనిమిది బైట్లు, ఐదు గడులు అగుచున్నది. ‘క్ష’లోని షవత్తు అడుగున నిలుచునదైనను దానికొక గడి లెక్కింపబడును. ఇందుచేతనే టెర్మినల్‌లో తెలుగు పట్టికల నిలువుగీతలు వంకరలు పోవుచున్నవి. దిద్దబోయిన యక్షరము ఒకటి, దిద్దబడునది మరియొకటి యగుచున్నది. సంకేతనమెంత సరియైనను ఈ దోషము తొలగదు. అట్టి పాఠమును దిద్దుటకు తెలుగు కూర్పు నెరిగిన ఎడిటరును వాడుట మేలు.

8. దృశ్యదోషము, పాఠదోషము

ఇంతవరకు చెప్పినవానిలో ప్రధానభేదమొకటి స్పష్టమగుచున్నది. తెరపై మాత్రమే కనబడు వైకల్యము దృశ్యదోషము. ఫైలులోని బైట్లే మారిన వైకల్యము పాఠదోషము. మొదటిదానికి చికిత్స అమరికను మార్చుట. రెండవదానికి ఫైలును మార్చుట. మొదటిదానికి రెండవదాని చికిత్స చేసినచో క్రొత్త రోగము పుట్టును.

విద్యార్థి ఫైలున జరిగినదానిని లెక్కవేసి చూతము. మొదట ఎగ్యూ-ఎ బైట్లు 195, 169. అతడు ‘ఇది లాటిన్-1 ఫైలు, దీనిని యూటీఎఫ్-8గా మార్చుము’ అని ఆజ్ఞాపించెను. యంత్రము 195ను ఒక అక్షరముగను, 169ని ఒక గుర్తుగను తలచి, ఒక్కొక్కదానిని రెండేసి బైట్లుగా వ్రాసెను: 195, 131, 194, 169. రెండవ మార్పిడితో నాలుగు ఎనిమిదాయెను. యంత్రము ఒక్కమారైనను అభ్యంతరము చెప్పలేదు. ఏలయన లాటిన్-1లో 0 మొదలు 255 వరకు ప్రతి బైటునకును ఏదో యొక స్థానము కలదు. ఏ ఫైలైనను లాటిన్-1 ఫైలే యన్నచో దానిని కాదనుటకు యంత్రమునకు ఆధారము లేదు.

యూటీఎఫ్-8 విషయమున స్థితి వేరు. ఆద్యానుచర నియమము కఠినమైనది. ఆస్కీకి మించిన బైట్లు పలుచోట్లగల పాఠము ఆద్యంతము ఆ నియమమునకు లోబడియుండుట కాకతాళీయముగా జరుగుట అరుదు. కావున నియమము నెగ్గినచో ఆ ఫైలు యూటీఎఫ్-8 యని ఇంచుమించు నిశ్చయముగా చెప్పవచ్చును. నెగ్గనిచో కాదని పూర్తిగా నిశ్చయముగా చెప్పవచ్చును. నెగ్గినను అది ద్విగుణసంకేతితము కాదని మాత్రము చెప్పజాలము; దానిని పాఠమును చదివియే తేల్చవలెను.

ద్విగుణసంకేతనమున ఊరట యొకటి కలదు. అది విలోమగమ్యము. యూటీఎఫ్-8నుండి లాటిన్-1కు ఎన్నిమార్లు మార్చెనో అన్నిమార్లు వెనుకకు మార్చినచో మూలబైట్లు లభించును. ఆ విద్యార్థి పట్టికను ఈ విధముననే ఇంచుమించు పూర్తిగా తిరిగి సాధించితిమి. అయితే నడుమ అతడు కొన్ని గుర్తులను చేతితో చెరిపియుండెను. అట్టి చోట్ల యంత్రవిధి పనికిరాలేదు. గ్రంథముల ముఖపత్రములను మరల చూడవలసివచ్చెను. కంటికి వికారముగా నున్నవానిని చేతితో తుడిచివేయుట ఎంతటి హానియో దీనివలన తెలియదగును. అర్థము కాని యక్షరమును విడిచివేసిన వ్రాయసకానికంటె దానిని ఉన్నదున్నట్లు దింపిన వ్రాయసకాడే మనకు మేలు చేసినవాడు.

9. పరీక్షాక్రమము

పరిశోధకుడు అనుసరింపదగిన క్రమమిది. ముందుగా ఫైలునకు ఒక ప్రతి తీసి వేరుగా నుంచవలెను. రెండవది, తెరను నమ్మక బైట్లను చూడవలెను. యూనిక్సు వ్యవస్థలలో ‘ఓడీ’ అను ఆదేశము బైట్లను సంఖ్యలుగా చూపును. ఆ సంఖ్యలు ఆస్కీలోనివి గనుక ఏ పట్టికలోనైనను మారవు. ‘పాందిషేరి’ పదమున పది బైట్లున్నచో ఎనిమిది బిట్ల పట్టిక, పదునొకండున్నచో సంకలిత యూటీఎఫ్-8, పండ్రెండున్నచో విశ్లిష్టరూపము, పదుమూడున్నచో ద్విగుణసంకేతితము. ఒక్క మాటను లెక్కించుటతో ఇంత తేలుచున్నది.

మూడవది, పరిసర చరములను చూపు ‘లొకేల్’ ఆదేశముతో ప్రోగ్రాము పట్టికను తెలిసికొని, ఎమ్యులేటరు యమరికలోని పట్టికతో పోల్చవలెను. విండోసు నందలి ఆదేశకిటికీలో యూటీఎఫ్-8 సంకేతపుట సంఖ్య 65001. నాలుగవది, ఫాంటును పరీక్షింపవలెను. ఇవి యన్నియు సరియైనను వైకల్యమున్నచో, అప్పుడు మాత్రమే ఫైలును మార్చుటకు పూనుకొనవలెను. మార్పిడికి ‘ఐకాన్వ్’ అను ఆదేశము కలదు. దానికి మూలపట్టిక పేరును మనమే చెప్పవలెను; ఆ పేరు ఊహ కాక నిర్ణయము కావలెను. మార్చిన పాఠమును క్రొత్త ఫైలులోనే వ్రాయించవలెను.

ఉపసంహారము

ఇంతవరకు జరిగిన విచారమున తేలిన యంశములివి. కంప్యూటరు ఫైలులో నుండునవి అక్షరములు కావు, బైట్లు, అక్షరత్వము పట్టికాధీనము. తెరపైని వైకల్యములో అధికభాగము ఫైలు, ప్రోగ్రాము, ఎమ్యులేటరు, ఫాంటు అను నాలుగింటి వైమత్యమువలన కలుగునది; వికృతరూపమే దాని కారణమును దెలుపును. తెలుగు పాఠమున పొల్లు మున్నగు వర్ణముల బైట్లు నియంత్రణ సంఖ్యలతో నేకీభవించుటచేత అయుక్తమైన అమరికలో వైకల్యము అధికమగును. వర్ణద్వైవిధ్యము, గడుల లెక్క అను చిక్కులు సంకేతనైక్యముచేతను తీరవు. దృశ్యదోషమును పాఠదోషముగా భ్రమించుట అన్నిటికంటె పెద్ద హాని.

పరిశోధక విద్యార్థులు తమ సిద్ధాంతవ్యాసముల పీఠికలలో తాము వాడిన ప్రతుల వివరమును వ్రాయుట సంప్రదాయము. ఫైళ్ల రూపమున సేకరించిన పాఠముల విషయమున సంకేతనమేదో, సాధారణరూపమేదో ఒక వాక్యమున తెలుపుట ఇకమీదట ఆ సంప్రదాయములో భాగము కావలెనని నా మనవి. ఆ యొక్క వాక్యము ముందుతరము చదువరికి, వారి యంత్రమునకు గూడ, మన పాఠమును ఏ పట్టికతో చదువవలెనో చెప్పును. దానిని వ్రాయక విడిచినచో, మనము శ్రమించి సేకరించినదానిలో ఏది మూలమో ఏది వికారమో తేల్చు భారమును వారిపై మోపినవారమగుదుము.